బ్రేకు మాస్టారి పెళ్లిరోజు షికారు

ఆ డ్రైవింగు స్కూలు మాస్టారికి అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. చిన్నా పెద్దా అందరూ బ్రేకు మాస్టారనే అనేవారు. నేర్పే కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. స్టీరింగు పట్టుకున్నవాడు కంగారుపడితే పక్కనున్న మాస్టారు కాలితో బండి ఆపేస్తారు. ఇరవై నాలుగేళ్లుగా ఈయన కూర్చునేది ఆ పక్క సీట్లోనే. పొద్దున్నే మొదటి స్టూడెంటు వచ్చి ఇంటి ముందు ఎక్కించుకునేవాడు, సాయంత్రం ఆఖరి స్టూడెంటు తెచ్చి ఇంటి ముందు దింపేవాడు. కారులో పుట్టి కారులో పెరిగినట్టుండే మనిషే, కానీ స్టీరింగు మాత్రం ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనే ఉండేది.

ఆయన ఓర్పు గురించి ఊళ్లో కథలు కథలుగా చెప్పుకునేవారు. ఒకావిడ బండిని తీసుకెళ్లి కూరగాయల కొట్టు మెట్లెక్కించేసిందట. అలాంటప్పుడు కూడా ఈయన గొంతు పెంచకుండా, "ఫరవాలేదమ్మా, ఎక్కించడం వచ్చేసింది, ఇప్పుడు దింపడం నేర్చుకుందాం" అన్నారట. కొట్టువాడే చెప్పాడు ఆ మాట, వంకాయలు ఏరుకుంటూ.

ఇంత ఓర్పుగల మనిషి ఒక్కరికి మాత్రం నేర్పలేకపోయారు. ఆ ఒక్కరూ ఇంట్లోనే ఉన్నారు.

పెళ్లయిన రెండో ఏడు జరిగిన సంగతి. భార్యకి నేర్పుతుంటే ఏటవాలు రోడ్డు మీద బండి వెనక్కి జారింది. కొత్తవాళ్ల చేతిలో ఎవరి బండైనా జారుతుంది, దాంట్లో వింతేమీ లేదు. కానీ ఆ రోజు వెనక సీట్లో తమ వంతు కోసం ముగ్గురు స్టూడెంట్లు కూర్చుని ఉన్నారు. మాస్టారి పెళ్లానికే రాకపోతే మనకేం వస్తుందని వాళ్లనుకుంటారేమోనని ఈయనకి తల తిరిగిపోయింది. బ్రేకు దబ్బున తొక్కి, "దిగు. నీకు ఈ జన్మలో స్టీరింగు రాదు" అన్నారు. ఆవిడ దిగింది. ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. ఆ పూట అన్నం వడ్డిస్తూ, "మీ కాలు బ్రేకు మీదున్న కారులో నేను కూర్చుంటే ఒట్టు" అంది. అరవలేదు, ఏడవలేదు, గిన్నె కూడా చప్పుడు కాకుండా పెట్టింది. మాస్టారికి భయం వేసింది అందుకే.

అప్పట్నుంచి ఇరవై ఏళ్లు ఆవిడ బస్సులోనే తిరిగింది. పెళ్లిళ్లకి బస్సు, ఆస్పత్రికి బస్సు, తను పనిచేసే కళ్లజోళ్ల షాపుకి రోజూ రెండు బస్సులు. ఒకసారి జోరువానలో స్టాపులో నిలబడి ఉంటే మాస్టారు కారు ఆపించి తలుపు తీశారు. ఆవిడ గొడుగు ఇటు అడ్డం పెట్టుకుని బస్సొచ్చే వైపు చూసింది. "ఎవరండీ ఆవిడ?" అన్నాడు నడుపుతున్న స్టూడెంటు. "నువ్వు క్లచ్చి సంగతి చూసుకో" అన్నారు మాస్టారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చంతా గెలిచి ఇంట్లో ఓడిపోయారు. తప్పు తనదేనని ఆయనకి మర్నాడే తెలుసు. తెలిసినంత మాత్రాన నోరు పెగలాలిగా. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే జుట్టు నెరిసింది. చివరికి, ఇరవై రెండో పెళ్లిరోజు శనివారం పడిందని తెలిసినప్పుడు, ఆయనొక నిర్ణయానికి వచ్చారు. కారులో అన్న మాట కారులోనే వెనక్కి తీసుకోవాలి. ఆవిణ్ని ఎలాగోలా కారెక్కించి, రెండు రోజులు ఎక్కడికైనా తీసుకెళ్లి, దారిలోనే ఆ మాట చెప్పేయాలి. ఈసారి గానీ ఆవిడ మధ్యలో దిగిపోయిందా, ఇంక ఆ మాట తన నోట్లోనే ఉండిపోతుంది.

ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి బావమరిదిని కలుపుకున్నారు. అతనికి జిరాక్సు కొట్టుంది. మంచివాడే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి లోకమంతటికీ తెలుసు. మాస్టారికీ తెలుసు. కానీ వేరే బావమరిది లేడుగా.

"డబ్బెంతుంది బావా?" అన్నాడు అతను కాగితాలు సర్దుతూ.

"చెప్పుకునేంత లేదు. తల తాకట్టు పెట్టి విమానాలెక్కించలేను. రెండు రోజులు, ఒక కారు, ఒక గది. అంతే."

"కారెక్కడిది?"

కారు స్కూలుదే. ఓనరు ఊరికే ఇస్తానన్నాడు, పెట్రోలు మాస్టారే పోయించుకోవాలి, నెత్తిమీద స్కూలు బోర్డు మాత్రం విప్పకూడదు. రెండు రోజులు ఊరూరా ప్రచారం జరుగుతుందని అతని ఆశ. గది కూడా కుదిరింది. నాలుగుసార్లు టెస్టు తప్పి ఐదోసారి గట్టెక్కిన ఒకప్పటి స్టూడెంటు, చెరువుగట్టున నాలుగు గదులు కట్టి అద్దెకిస్తున్నాడు. మాస్టారి గొంతు వినగానే సగం అద్దె చాలన్నాడు. భోజనం ఇంటినుంచే, రెండు పెద్ద క్యారియర్లలో, బావమరిది భార్య వండి ఇచ్చేలాగా ఒప్పందమైంది.

"అంతా బాగానే ఉంది. అక్క ఎక్కుతుందా?" అన్నాడు బావమరిది.

అసలు చిక్కు అదే. దానికి మాస్టారు వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని ఒక ఎత్తు వేశారు. బావమరిది పక్క ఊళ్లో పాత జిరాక్సు మిషను కొంటున్నట్టు, అక్క చెయ్యి మంచిది కాబట్టి వచ్చి చూడమన్నట్టు చెప్పాలి. నడిపేది తమ్ముడు కాబట్టి ఒట్టుకి అడ్డం లేదు. ఆవిడ ఎలాగూ వెనకే కూర్చుంటుంది, ఆ పక్క సీటంటే ఆవిడకి ఒళ్లు మంట. ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర తమ్ముడు టైర్లలో గాలి చూస్తానని దిగుతాడు. గాలి గది వెనక దాక్కున్న మాస్టారు ఒక్క ఉరుకున వచ్చి కూర్చుని బండి పోనిస్తారు. ఆవిడ తేరుకునేలోగా మెయిన్ రోడ్డు మీదుంటారు.

"బావా, దీన్ని కిడ్నాపంటారు."

"పెళ్లిరోజున చేస్తే షికారంటారు. నువ్వు నోరు కట్టేసుకో చాలు."

"నా నోటి గురించి నీకు బెంగక్కర్లేదు" అన్నాడు బావమరిది, అప్పటికే బెంగ పెట్టించే మొహంతో.

ఆ వారం మాస్టారు తేలు కుట్టిన దొంగలా తిరిగారు. రోజుకొక జత చొప్పున ఆవిడ బట్టలు బీరువా అడుగునుంచి లాగి, పాఠాల పుస్తకాల సంచిలో కుక్కి, కారు డిక్కీలోకి చేరవేశారు. పైవి తీస్తే తెలిసిపోతుందని, అడుగువైతే ఎవరూ చూడరని ఆయన తెలివి. రోజంతా చిన్న చిన్న అక్షరాలు చూపించి జనం చూపు తేల్చే ఇల్లాలు, తన బీరువా చూసుకోదని ఎలా అనుకున్నారో ఆయనకే తెలియాలి. ఒకరోజు ఆవిడ కాఫీ ఇస్తూ, "ఇంట్లో ఎలుకలు పడ్డట్టున్నాయండీ" అంది. "బట్టలు కొట్టే ఎలుకలు ఈ వీధిలో లేవు" అన్నారు మాస్టారు. బట్టల మాట ఆవిడ ఎత్తనే లేదు. ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

శనివారం రానే వచ్చింది. మాస్టారు ఎవరికో టెస్టుందని చెప్పి పొద్దున్నే బయటపడి, బస్సెక్కి బంకు చేరుకుని, భుజాన సంచితో గాలి గది వెనక నక్కారు. బంకులో పనిచేసేవాళ్లలో ముగ్గురు ఆయన స్టూడెంట్లే. మాస్టారూ టీ తాగుతారా, మాస్టారూ కుర్చీ వెయ్యమంటారా అని వాళ్ల మర్యాద. "నేనిక్కడ లేను, వెళ్లండి" అని చేతులతో తోలుకుంటూ ఆయన మెడ చాచి రోడ్డు చూస్తున్నారు. గుండె దడదడలాడుతోంది. ఎంతోమందికి టెస్టు రోజున ధైర్యం చెప్పిన గుండె.

తొమ్మిదిన్నరకి తెల్ల కారు వచ్చి ఆగింది. వెనక సీట్లో ఆవిడ తల కనబడుతోంది. బావమరిది ఇంజను ఆపకుండా దిగి, టైర్ల వైపు ఒక్కసారి కూడా చూడకుండా రోడ్డు దాటేసి, ఊళ్లోకి వెళ్లే బస్సు వైపు పరుగెత్తాడు. మాస్టారు ఉరికారు. చెప్పొద్దూ, ఆ వయసులో అంత వేగం ఎవరూ ఊహించరు. తలుపు లాగారు, కూర్చున్నారు, బెల్టు బిగించారు, రెండు కాళ్లూ వాటి చోట్లలో పెట్టారు, రోడ్డు మీద చూపు నిలిపి, రోజూ పొద్దున అనే మాటే అన్నారు.

"ఊ, మొదటి గేరు. మెల్లగా పోనివ్వండి."

బండి కదలలేదు.

"కంగారేం లేదు. క్లచ్చి నిదానంగా వదలండి" అన్నారు మాస్టారు.

అప్పటికీ కదలలేదు. ఆయన తల తిప్పి చూశారు. స్టీరింగు ముందు ఎవరూ లేరు. ఇరవై నాలుగేళ్ల అలవాటు ఆయన్ని తిన్నగా తెచ్చి పక్క సీట్లో కూలేసింది. పప్పులో కాలేయడం అందరూ చేసేదే, ఈయన రెండు కాళ్లూ వేసి బెల్టు కూడా పెట్టుకున్నారు. రోడ్డవతల బస్సు మెట్టు మీద నిలబడి బావమరిది రెండు చేతులూ ఊపుతున్నాడు. బస్సు కదిలిపోయింది.

వెనకనుంచి నిదానంగా ఒక గొంతు వినిపించింది. "ఎవర్నండీ పోనివ్వమంటున్నారు?"

వెనక సీట్లో ఏదో కిచకిచమన్న చప్పుడు. ఆవిడ నవ్వాపుకుంటోంది. ఆపుకోలేక నవ్వేసింది. కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ నవ్వింది. మాస్టారికి కొంచెం ఆశ పుట్టింది. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

దిగిపోయింది. అయిపోయింది. ఇప్పుడు బస్సెక్కుతుంది, ఇంక మిగిలిన జన్మంతా బస్సే. ఆపుదామని తలుపు మీద చెయ్యి వేశారు గానీ బెల్టు ఊడిరాలేదు. ఆవిడ మాత్రం బస్సు స్టాపు వైపు వెళ్లలేదు. కారు ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చి, రెండోవైపు తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చుంది. సీటు ముందుకి లాక్కుంది. బెల్టు పెట్టుకుంది.

"అది... అది స్టీరింగు సీటే" అన్నారు మాస్టారు.

"నాకు తెలుసు. మీకే తెలిసినట్టు లేదు" అంటూ ఆవిడ సంచిలోంచి ఒక కార్డు తీసి ఆయన ఒళ్లో పడేసింది.

లైసెన్సు. ఫొటోలో ఉన్నది ఆవిడే. తేదీ చూస్తే పదకొండు నెలలైంది. మాస్టారు కార్డు అటు తిప్పి ఇటు తిప్పి చూశారు, ఎవరో దొంగ కాగితం తెచ్చినట్టు.

"ఎవరు నేర్పారు?"

"మా షాపుకొచ్చే లెక్కల టీచరమ్మ. ఆదివారం ఆదివారం, వాళ్ల కారులో."

"ఆవిడకి నేర్పింది..."

"మీరే" అంది ఆవిడ. నవ్వు తగ్గింది. "మొదటిరోజు బండి ఆగిపోతే, 'ఫరవాలేదమ్మా, ఆగిన బండి మళ్లీ బయల్దేరుతుంది' అంది టీచరమ్మ. ఎంత చల్లగా చెప్పారండీ, ఎవరన్నారీ మాట అంటే, 'మీ ఆయనే కదండీ' అంది. ఆ రోజు ఇంటికొచ్చి మీకు కాఫీ ఇవ్వలేదు, గుర్తుందో లేదో. ఊరందరికీ సరిపోయిన ఓర్పు ఇంటికొచ్చేసరికి అయిపోయిందా అని ఒళ్లు మండిపోయింది."

మాస్టారికి ఆ కాఫీ గుర్తుంది. పాలు విరిగాయేమో అనుకున్నారు అప్పట్లో.

"మరి ఈ ప్రయాణం సంగతి?" అన్నారు, మాట మార్చడానికి.

"మా తమ్ముడికి చెప్పారుగా. రెండో రోజే షాపుకొచ్చి చెప్పేశాడు. పాపం ఒక రోజంతా ఆగాడంటే మీ మీద ఎంత గౌరవమో. నేనే అన్నాను, నువ్వు తెలియనట్టే ఉండు, మీ బావ నన్నెలా ఎక్కిస్తారో చూద్దామని. బంకు దగ్గర వాడు దిగగానే ముందుకొచ్చి నేనే కూర్చుందామనుకున్నా. మీరు ఆ ఉరుకున వస్తారని అనుకోలేదు. ఇంకోటి, ఆ డిక్కీలో బట్టలు. అడుగున పెట్టినవంటే నాకు పట్టనివని అర్థం. పొద్దున వాడు కారు తేగానే అన్నీ మార్చేశాను."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడొకడు ఉంటాడు. మాస్టారు తన తల తడుముకున్నారు. "అయితే పోనివ్వు" అన్నారు చిన్నగా.

ఆవిడ పోనిచ్చింది. చెప్పుకోవాలంటే బాగానే పోనిచ్చింది. గేరు చప్పుడు చేయకుండా పడింది, మలుపుకి ముందే సిగ్నలు వెలిగింది. తప్పు పట్టడానికి మాస్టారి బుర్రకి ఏమీ దొరకలేదు. కానీ కాలు బుర్ర మాట వింటుందా? బంకు దాటిన రెండో మలుపులో ఒక ఆటో అడ్డమొస్తే టక్కున తొక్కేశారు. బండి ముక్కు నేలకి వంగి లేచింది. ఆవిడ మళ్లీ గేరు వేసింది. ఇంకో పావుగంటకి ఎక్కడో దూరాన ఒక కుక్క రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచిస్తుంటే మళ్లీ తొక్కారు. "మాస్టారూ" అంది ఆవిడ. పెళ్లయినప్పట్నుంచి ఆవిడ ఆయన్ని అలా పిలవలేదు. "పొరపాటు, పొరపాటు" అన్నారు ఆయన. మూడోసారి ఏమీ అడ్డం రాలేదు. ఎదురుగా ఖాళీ రోడ్డు, ఎండ, రెండువైపులా పొలాలు. బండి కొంచెం వేగమందుకుందని ఆయన కాలికి అనిపించింది, అంతే. వెనకొచ్చే లారీ చెవులు పగిలేలా హారను కొట్టి పక్కనుంచి దూసుకుపోయింది.

ఆవిడ సిగ్నలు వేసి, బండిని అంచుకి తీసి, ఆపింది.

"దిగండి" అంది.

ఇరవై ఏళ్ల కింద తను అన్న మాట. అదే మాట తనకొచ్చి తగిలితే ఎలా ఉంటుందో మాస్టారికి అప్పుడు తెలిసింది. బెల్టు ఈసారి వెంటనే ఊడింది. దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు, సంచి తీసుకోవాలా వద్దా తెలియక.

"వెనక ఎక్కండి" అంది ఆవిడ కిటికీలోంచి. "నేనొట్టు పెట్టుకున్నాను, మీ కాలు బ్రేకు మీదున్న కారులో కూర్చోనని. ఇవాళ కూడా ఆ ఒట్టు మీదే ఉన్నాను."

మాస్టారు వెనక ఎక్కారు. తను నేర్పే కారులో వెనక సీటు ఎలా ఉంటుందో ఆయన ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు. కాళ్ల దగ్గర బ్రేకు లేదు, క్లచ్చి లేదు, రెండు భోజనం క్యారియర్లున్నాయి. బండి కదిలింది. ఎదురుగా బస్సొస్తే ఆయన కాలు క్యారియరు మూత తొక్కింది. వంతెన మీద మళ్లీ తొక్కింది. దేన్ని తొక్కినా బండి మాత్రం ఆవిడ ఆపితేనే ఆగుతోంది, ఆవిడ పోనిస్తేనే పోతోంది. అరగంట గడిచేసరికి ఆయన కాళ్లు అలిసిపోయి ఊరుకున్నాయి. అలవాటు లేని పని, ఏ పనీ లేకపోవడం.

అలా ఊరికే కూర్చుని ఆవిడ జడ వైపు, మెడ మీద అంటుకున్న చెమట వైపు, స్టీరింగు మీద ఆ చేతుల వైపు చూస్తూ ఉండగా మాట బయటికొచ్చింది. తనే అన్నట్టు ఆయనకి అనిపించలేదు.

"ఆ రోజు బండి జారడం నీ తప్పు కాదు. ఎవరి బండైనా జారుతుంది. వెనక ముగ్గురున్నారు, వాళ్ల ముందు నా పరువు పోతుందని నిన్ను అలా అన్నాను. మర్నాడే తెలుసు నాకు. ఇరవై ఏళ్లుగా చెబుదామనుకుంటూనే ఉన్నా. తప్పయిపోయింది."

బండి అలాగే పోతోంది. ఒక మైలురాయి దాటింది, ఇంకోటి దాటింది. తర్వాత సిగ్నలు టిక్కు టిక్కుమని మొదలైంది. బండి నెమ్మదించి, అంచుకి ఒదిగి, ఒక చెట్టు నీడలో ఆగింది. మళ్లీ దింపేస్తుందని మాస్టారు సంచి అందుకున్నారు. ఆవిడ చేతిబ్రేకు లాగింది, ఇంజను ఆపింది. ఏ టెస్టులోనైనా నూటికి నూరు వేసేలా ఆపింది.

తర్వాత చెయ్యి చాచి ముందున్న అద్దాన్ని వంచింది. ఇటు కొంచెం, అటు కొంచెం సర్ది, అందులో రోడ్డు పూర్తిగా పోయి మాస్టారి మొహం నిండుగా కనబడేదాకా వంచింది. ఇంకెవరైనా అలా చేసి ఉంటే ఆయన అక్కడే పాఠం చెప్పేవారు. అద్దంలో ఆవిడ కళ్లు ఆయన్నే చూస్తున్నాయి. ఎర్రగా ఉన్నాయి, నవ్వుతున్నాయి కూడా.

"సరిగ్గా వినబడలేదు. మళ్లీ చెప్పండి" అంది.

మాస్టారు మళ్లీ చెప్పారు. ఈసారి కొంచెం గట్టిగా చెప్పారు.